అరచేతిలో గ్నాట్ విమానం
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఊరగాయల గురించీ, అల్లికల గురించీ, పిల్లల చదువుల గురించీ ఈ కార్యక్రమంలో మీరు ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు. ఇవాళ నేను యుద్ధవిమానం గురించి మాట్లాడతానంటే, ఈవిడకేమైనా మతి పోయిందా అనుకుంటారేమో! కంగారు పడకండి. నేను చెప్పే విమానం ఎగరదు. రెక్క కొస నుంచి రెక్క కొసకి తొమ్మిది సెంటీమీటర్ల పైచిల్లర. అరచేతిలో ఒదిగిపోతుంది. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలు వస్తాయి. వాటిని ఒక్కొక్కటే కత్తిరించి, నునుపు చేసి, అతికించి, రంగులు వేసి మనమే విమానంగా నిలబెట్టాలి. స్కేల్ మోడల్ కిట్ అంటారు దాన్ని. పిల్లలాట అనుకునేదాన్ని నేనూ. నాలుగు నెలలు దానితో కుస్తీ పట్టాక ఇప్పుడలా అనను.

అసలు ఈ వ్యవహారం మా ఇంట్లో ఎలా మొదలైందో చెబుతాను. మా మామయ్యగారు 1968లో వైమానిక దళంలో చేరారు. పైలట్ కాదు, ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్. అంటే విమానం ఒళ్ళూ, రెక్కలూ, చక్రాలూ, తలుపులూ చూసే మెకానిక్ అన్నమాట. చాలా ఏళ్ళు గ్నాట్ అనే చిన్న యుద్ధవిమానం దగ్గరే పనిచేశారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఉప్పు, చింతపండు అన్న మాటలు ఎన్నిసార్లు విన్నానో గ్నాట్ అన్న మాటా అన్నిసార్లు విన్నాను. గ్నాట్ అంటే ఇంగ్లీషులో దోమలాంటి చిన్న పురుగట. విమానానికి ఎవరైనా దోమ పేరు పెడతారా అని కొత్తలో నవ్వుకునేదాన్ని.

ఇప్పుడాయనకి 76 ఏళ్ళు. నాలుగేళ్ళ నుంచీ చేతులు వణుకుతున్నాయి. మందులు వాడుతూనే ఉన్నారు. అత్తయ్యగారు ఆయనకి కాఫీ సగం గ్లాసే పోసి ఇస్తారు, తొణక్కుండా. ఆ సగం గ్లాసు ఎందుకో ఆయనకి తెలుసు. పైకేమీ అనరు.

కిందటేడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మావాడు తాతయ్య పుట్టినరోజుకి ఒక పెట్టె పంపించాడు. విప్పితే గ్నాట్! చెక్ దేశంలో అచ్చుపోసిన కిట్టు, మన భారత వైమానిక దళం గుర్తులతో సహా. మామయ్యగారు ఆ పెట్టె తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకున్నారు. పది రోజులు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఒకరోజు మంచం కింద చిమ్ముతుంటే నా చీపురుకి బూడిదరంగు తునకలు తగిలాయి. సూదిలాంటి ముక్క ఒకటి రెండుగా విరిగి ఉంది. ఇంకొకదాని మీద జిగురుతో పడ్డ వేలిముద్రలు. నాకు సంగతి అర్థమైంది. తునకలు ఏరి కుంకుమభరిణెలో దాచాను గాని, చూశానని చెప్పాలో, చూడనట్టు ఊరుకోవాలో తెలియలేదు.

ఆ రాత్రి ఆయనే పెట్టె పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరకొచ్చారు. "అమ్మాయ్, నీ చేతులు రోజుకో గంట అప్పిస్తావా?" అన్నారు. మంచినీళ్ళు కావాలన్నా తనే లేచి ముంచుకునే మనిషి ఆయన. నేను గిన్నె అక్కడే వదిలేసి చెయ్యి తుడుచుకున్నాను.

ఇక పని సంగతి. మాది 1/72 స్కేలు. అంటే అసలు విమానంలో 72 అంగుళాలు మన బొమ్మలో ఒక్క అంగుళం. 72 అంగుళాలంటే ఆరడుగులు కదా, అంచేత ఆరడుగుల మనిషి ఇక్కడ అంగుళం మనిషవుతాడు. ఈ లెక్క 1930ల నుంచీ ఉన్నదే. ఇంగ్లండులో ముందు చెక్కతో చేసుకునేవారు, 1936లో ప్లాస్టిక్ కిట్లూ వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఏ విమానం మనది, ఏది శత్రువుది అని ఆకారం చూసి పోల్చుకోవడం నేర్పడానికి అమెరికాలో బడిపిల్లల చేత ఇదే కొలతలో చెక్క విమానాలు లక్షల్లో చేయించారు. కాబట్టి వీటిని ఉత్త ఆటబొమ్మలని తీసిపారేయడానికి లేదు.

నాకు ఈ స్కేలు సంగతి బుర్రకెక్కింది బియ్యపు గింజతో. గింజ పొడుగు ఆరు మిల్లీమీటర్లనుకోండి. దాన్ని 72 రెట్లు చేస్తే మూరెడు! అలాగే మన తలవెంట్రుక ఒకటి తడి రంగులో పడిందనుకోండి, అసలు విమానం మీద అర సెంటీమీటరు లావు తాడు పడి ఉన్నట్టు. "మామయ్యగారూ, మరీ ఇంత చాదస్తమా" అని నేను విసుక్కున్న ప్రతిసారీ ఆయన ఈ లెక్కే చెప్పేవారు.

ముక్కలన్నీ ఒక చట్రానికి కాయల్లా వేలాడుతూ వస్తాయి. వాటిని చేత్తో మెలితిప్పి తుంచకూడదు. సన్నమొన కట్టరుతో ముందు కాస్త తొడిమ వదిలి కత్తిరించి, తరవాత ఆ తొడిమని బ్లేడుతో మెల్లిగా తీసి, గరుకు కాగితంతో రుద్దాలి. గోళ్ళు రుద్దుకునే ఆకురాయి ఉంటుంది చూడండి, అది దీనికి భేషుగ్గా పనికొస్తుంది. కత్తిరించడానికి ముందు చట్రాలన్నీ గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి ఫ్యాక్టరీలో పూసిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. కడిగేటప్పుడు తూములో జల్లెడ పెట్టుకోండి. మా విమానం చక్రం ఒకటి తూములోకి జారబోతే టీ వడగట్టే జల్లెడతో పట్టుకున్నాను.

జిగురు దగ్గర నాకు ఆశ్చర్యం వేసింది. మనకి జిగురంటే రెండింటినీ పట్టి ఉంచే పదార్థం. ఈ కిట్లకి వాడే పల్చటి జిగురు అలాంటిది కాదు. అది ప్లాస్టిక్‌నే కాస్త కరిగిస్తుంది. కరిగిన అంచులు రెండూ కలిసిపోయి, ఆరాక ఒకే ముక్కయిపోతాయి. ముక్కలు రెండూ జోడించి పట్టుకుని, అతుకు మీద కుంచె తాకిస్తే చాలు, దీపం వత్తిలోకి నూనె పాకినట్టు సందంతా దానంతటదే పాకుతుంది. మహా ఘాటు. కిటికీలు తెరుచుకోవాలి. గ్యాసు పొయ్యికీ, దేవుడి దగ్గర దీపానికీ దూరంగా ఉండాలి, తొందరగా అంటుకునే సరుకది. పసిపిల్లలున్న ఇంట్లో సీసా ఎక్కడ పెట్టాలో నేను మీకు చెప్పనక్కర్లేదు.

బయటి డొల్ల మూసే ముందే లోపలి పైలట్ గది పూర్తి చెయ్యాలి. మూశాక కుంచె దూరదు. మామయ్యగారు గది నల్లరంగన్నారు, నల్లరంగు వేశాను. సీటుకి పట్టీలు కావాలన్నారు. మాత్రల అట్ట వెనక ఉండే వెండికాగితం సన్నగా చీల్చి రంగేసి అతికించాను. అసలు సీటుకి ఏ పట్టీ ఎటునుంచి వస్తుందో కళ్ళు మూసుకుని గాలిలో చేతులు కదిపి చూపించారాయన. ఆ కాసేపూ చేతులు వణుకుతున్నట్టు నాకనిపించలేదు. నిజంగా వణకలేదో, నేనే గమనించలేదో మరి!

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి.

పని చేస్తున్నంతసేపూ ఆయన కబుర్లు చెబుతూనే ఉండేవారు. గ్నాట్ ఎంత చిన్నదంటే చాలా పనులకి నిచ్చెన అక్కర్లేకుండా నేలమీద నిలబడే చేసేసేవారట. చక్రాల తలుపులే గాలిలో వేగం తగ్గించడానికి బ్రేకుల్లా కూడా పనికొచ్చేవట. 1955లో ఇంగ్లండులో మొదటిసారి ఎగిరిందట. అక్కడివాళ్ళు ఒంటిసీటు విమానాన్ని తమ దళానికి తీసుకోకపోతే, మనవాళ్ళు 1958 నుంచీ తీసుకుని బెంగుళూరు హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌లో తయారుచేశారట. 1965 యుద్ధం తరవాత దానికి సేబర్ సంహారి అని పేరొచ్చింది. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి శత్రువుల సేబర్ విమానాలు దాడికొస్తే, నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ ఈ గ్నాట్‌లోనే పైకి లేచి వాటితో తలపడి ప్రాణాలర్పించారు. వైమానిక దళంలో పరమవీరచక్ర పొందింది ఆయనొక్కరే. ఇవన్నీ వింటూ వింటూ, నిజం చెప్పొద్దూ, నేను వినడం మానేశాను. ఊఁ కొడుతున్నాను గాని చెవిన పడటం లేదు. అందులోనే ఆయన ఒక మాట రెండుమూడుసార్లు అన్నారు: "ముక్కు మూసే ముందు నన్ను పిలువమ్మా."

ఆ శనివారం సాయంత్రం బంధువులొస్తున్నారు. బల్ల ఖాళీ చెయ్యాలి. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నారు. లేపడమెందుకులే, ఉన్నవి రెండే డొల్లలు కదా అని జోడించి, జిగురు పెట్టి, రబ్బరుబ్యాండ్లు వేసి మూసేశాను. పైగా లేవగానే ఆయనకి చూపించి మెచ్చుకుంటారని ఎదురుచూశాను కూడా.

ఆయన విమానాన్ని నా చేతే రెండు వేళ్ళ మీద, చక్రాలు వచ్చే చోట ఆనించి నిలబెట్టించారు. అది మెల్లిగా వెనక్కి ఒరిగిపోయింది. "తోక బరువు" అన్నారు. అంతే. లేచి గదిలోకి వెళ్ళిపోయారు.

ముందొక చక్రం, వెనక రెండు చక్రాలు ఉండే విమానానికి వెనక చక్రాలే తక్కెడ ముల్లు. బొమ్మలో ఇంజనూ, తుపాకులూ ఏమీ ఉండవు కాబట్టి తోకవైపు బరువెక్కువై కూలబడి, ముందుచక్రం గాలిలోకి లేస్తుంది. అందుకని మూయకముందే ముక్కులో బరువు పెట్టాలి. ఆయన అన్నది అదీ! కిట్టు కాగితం మీద కూడా చిన్న బొమ్మ వేశాడు. నేనది చూసి ఏదో కంపెనీ గుర్తనుకున్నాను.

మర్నాడు ఆయన బల్ల దగ్గరకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. విమానం పాడయిందని కోపమనుకున్నాను. అత్తయ్యగారు కూర తరుగుతూ, "చేతులెలాగూ పోయాయి, ఇంక మాట కూడా చెల్లదనుకుంటున్నాడే పాపం" అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. ఆయన అప్పడిగింది నా చేతులు. నేను చేతులతో పాటు పెత్తనం కూడా పట్టుకొచ్చి కూర్చున్నాను.

బ్లేడూ, విమానం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. "మామయ్యగారూ, విప్పుదాం. ఎక్కడ కొయ్యాలో చెప్పండి" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత కళ్ళజోడు అడిగారు. కరిగి ఒకటైన అతుకుని విప్పడమంటే మాటలు కాదు. బ్లేడు వెనకవైపు మొనతో అతుకు గీత వెంటే గీసిందే గీసి, గీసిందే గీసి, రెండు సాయంత్రాలు పట్టింది. రెక్క మొదట్లో ఒకచోట చిట్లింది కూడా. అప్పుడు మాత్రం ఆయన చెప్పే ప్రతి ముక్కా చెవులు రిక్కించి విన్నాను.

బరువుకి చేపల వలకి కట్టే సీసపు గుళ్ళు తెప్పించి, సుత్తితో రేకుల్లా కొట్టి, సీటు ముందున్న ఖాళీలో కూరాము. సీసాన్ని తెల్లజిగురుతో అతికించకండి. కొన్నేళ్ళకి సీసం తెల్లగా పూసి పొంగి అతుకులు విచ్చిపోతాయట. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు మంచిది. పని కాగానే చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, సీసం విషం. మూసే ముందు ముక్కలన్నీ టేపుతో తాత్కాలికంగా అంటించి, వేళ్ళ మీద తూచి చూసుకున్నాం. ఈసారి ముక్కు ముందుకి వాలింది. ఆయన తల ఊపాక గాని జిగురు సీసా మూత తియ్యలేదు నేను.

చిట్లిన చోట పుట్టీ పెట్టి, ఆరాక రుద్దాలి. మాది విజయవాడ. కొండపల్లి పక్కనే. అక్కడ బొమ్మలు చేసేవాళ్ళు పొణికికర్ర ముక్కలని చింతగింజల పిండీ, రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికి, అతుకు కనపడకుండా చేస్తారు. ఇదీ అదే విద్య కదా అనిపించింది. కాకపోతే వాళ్ళ చేతికున్న వడి నాకెక్కడిది! నాకు ఒక్క అతుక్కే వారం పట్టింది.

రంగు విషయంలో ఆయనది ఒకటే పట్టు. తను చేరిన కొత్తలో చూసిన వెండిరంగు విమానమే కావాలి. ఆకుపచ్చా, మట్టిరంగూ మచ్చలుగా వేస్తే కొన్ని తప్పులు కప్పుకుపోయేవి. వెండిరంగు దేన్నీ దాచదు, ఉన్న గీతని రెట్టింపు చేసి చూపిస్తుంది. అందుకని ముందు బూడిదరంగు ప్రైమరు కొట్టి, బయటపడ్డ గీతలు మళ్ళీ రుద్ది, దాని మీద నిగనిగలాడే నల్లరంగు వేసి, అది బాగా ఆరాక వెండిరంగు వేశాం. ఒకేసారి చిక్కగా వేస్తే సన్నని గీతలు, మేకుల గుర్తులు పూడిపోతాయి. పాలంత పల్చగా చేసి, పొర మీద పొర. వానాకాలం ముసురులో వెయ్యకండి, తేమకి కొన్ని రంగులు తెల్లగా మాసిపోతాయి. మేము రెండు వారాలు ఆగాం. ఇంటిముందు వడియాలకి ఎండ చూసినట్టు విమానానికి ఎండ చూసుకుంటూ కూర్చున్నామంటే నమ్మండి.

పైలట్ గది మీద గాజులాంటి మూత ఉంటుంది. దాన్ని చిటికెలో పట్టేసే సూపర్ గ్లూతో మాత్రం అతికించవద్దు, ఆవిరికి గాజు పాలగాజైపోతుంది. ఇక్కడ తెల్లజిగురే సరైనది. ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచేసుకోవచ్చు.

గుర్తుల కాగితం ఉంటుంది, డెకాల్స్ అంటారు. కావలసిన గుర్తు కత్తిరించి గోరువెచ్చటి నీళ్ళలో అరనిమిషం ముంచితే కాగితం మీంచి జారుతుంది. అప్పుడు తడికుంచెతో దాని చోటికి నెట్టి, నీళ్ళు మెత్తటి గుడ్డతో అద్దెయ్యాలి. కింద రంగు నున్నగా లేకపోతే గాలి చిక్కుకుని తెల్లతెల్లగా కనబడుతుంది కాబట్టి ముందే ఒక పూత వార్నిషు వేసుకోవాలి. మధ్య ఆకుపచ్చ, చుట్టూ తెలుపు, బయట కాషాయం: ఆ గుండ్రటి గుర్తు రెక్క మీద కూర్చోగానే ఇన్నాళ్ళూ బూడిదరంగు ప్లాస్టిక్‌గా ఉన్నది ఒక్కసారి మన విమానమైపోయింది. మావారు ఆఫీసు నుంచి వచ్చి చూసి, "ఈ కిట్టుకీ రంగులకీ అయిన డబ్బుతో ఓ మంచి నేతచీర వచ్చేది" అన్నారు. అన్నారే గాని ఆ పూట టీవీ పెట్టకుండా బల్ల దగ్గరే కూర్చున్నారు.

చివర్లో చిన్న తగువు వచ్చింది. మావాడు ఫోన్లో, "అమ్మా, ఇప్పుడు దాన్ని మురికి చెయ్యాలి. గీతల్లో నల్లటి పల్చరంగు పోసి తుడవాలి, పొగ మరకలు పెట్టాలి. అప్పుడే నిజం విమానంలా ఉంటుంది" అన్నాడు. మామయ్యగారు ఫోను లాక్కున్నంత పని చేశారు. "మురికి విమానాన్ని లైను మీద పెట్టేవాళ్ళమనుకున్నావురా? గుడ్డలు పట్టుకుని తుడిచి తుడిచి మా భుజాలు పడిపోయేవి" అని కేకలేశారు. ఆ గొంతు విని నేను చాలా కాలమైంది. కొలతలు తెలిసినవాడి మాట కన్నా తుడిచినవాడి మాటే నాకు నచ్చింది. గీతల్లో మాత్రం కాస్త బూడిదరంగు పోసి వదిలేశాను.

రెండు రోజులాగి ఆయనే వచ్చి, "ఒక్క మరక పెట్టాలమ్మా" అన్నారు. పొట్ట కింద, చక్రం తలుపు పక్కన, అగ్గిపుల్ల తలంత కూడా లేని చోటు. అక్కడ హైడ్రాలిక్ నూనె ఎప్పుడూ చెమర్చేదట. ఎన్నిసార్లు తుడిచినా మర్నాటికి మళ్ళీ ఉండేదట. విమానాన్ని నిలబెడితే ఎవరికీ కనిపించదు. గోధుమరంగులో చుక్క వార్నిషు కలిపి, సూదిమొనతో పెట్టాను.

దసరాకి బొమ్మల కొలువులో పెడదామని అత్తయ్యగారే అన్నారు. కొండపల్లి దశావతారాలకీ, శెట్టిగారి కొట్టుకీ కింది మెట్టు మీద అద్దం ముక్క వేసి విమానాన్ని పెట్టాను. మామయ్యగారు చూసి, "చక్రాలకి చెక్కలేవీ?" అన్నారు. ఆగి ఉన్న విమానం కదలకుండా చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలట. అవి లేకుండా విమానాన్ని వదిలి వెళ్ళరట. అగరొత్తి పుల్ల కోసి బియ్యపు గింజలో సగం ఉండేలా రెండు దిమ్మలు చేసి, పసుపురంగు వేసి, పట్టకారుతో పెట్టబోయాను. ఆయన చెయ్యి చాపారు.

పట్టకారు ఇచ్చేశాను. మణికట్టు మెట్టు మీద ఆనించుకున్నారు. మొదటిసారి దిమ్మ జారి రాముడి కాళ్ళ దగ్గర పడింది. రెండోసారి విమానమే కాస్త కదిలింది. అత్తయ్యగారు ఏదో అనబోతే నేను కళ్ళతోనే వద్దన్నాను. మూడోసారి కూర్చుంది. రెండో దిమ్మ కొంచెం వంకరగా పెట్టారు. పేరంటానికి వచ్చినవాళ్ళు చూసి సర్దబోతే, ముట్టుకోవద్దని చెప్పాను.